ప్రాస తప్పని నిలువు వరుస

ఇల్లు సద్దుమణిగాక తెర మీద హిమోగ్లోబిన్ వరసలు పరుచుకుని కూర్చుంటాను. పైన మనిషిది. దాని కింద ఎలుకది, కోడిది, కప్పది, చేపది. ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో అక్షరం, ఒక్కో రంగు. కోట్ల ఏళ్ల కిందట దారులు చీలిన ప్రాణులన్నీ ఒకే పద్యానికి పాదాలై ఒదిగి నిలబడతాయి! అడ్డంగా చదివితే అంతా తారుమారే. చూపు నిలువుగా దింపండి. మన బీటా గొలుసులో 92వ చోట హిస్టిడిన్. ఎలుకలో అదే, కోడిలో అదే, కప్పలో అదే, చేపలోనూ అదే! ఎన్ని పాదాలు దిగినా ప్రాస తప్పలేదు. హీమ్ నడుమనున్న ఇనుమును పట్టుకున్న చేయి అది మరి. అక్కడ టైరోసిన్ పడిందా, ఇనుము ప్రాణవాయువును అందుకోలేదు, మనిషి ఒళ్లు నీలం తిరుగుతుంది. హిమోగ్లోబిన్ ఎమ్ హైడ్ పార్క్ అంటారు దాన్ని.

2001లో పాలీన్ ఎంగ్, స్టీవెన్ హెనికాఫ్ తెచ్చిన సిఫ్ట్ అనే ప్రోగ్రామ్ చదివేది ఈ నిలువు వరసలనే. ఫలానా చోటు ఇన్నాళ్లూ ఏ అక్షరాలను సహించిందో చూసి, సున్నాకూ ఒకటికీ మధ్య ఒక అంకె చెబుతుంది. 0.05కు దిగితే ఆ మార్పు చేటు. లూసిన్ చోట ఐసోలూసిన్ వస్తే చాలాసార్లు కిమ్మనదు. యతిమైత్రి! ఎంత తక్కువ మాటల్లో ఎంత చెవి!

2023లో అదే పనికి గూగుల్ డీప్‌మైండ్ వారి ఆల్ఫామిస్సెన్స్ వచ్చింది. మన ప్రోటీన్లలో ఒక్క అక్షరం తేడాతో రాగల 7.1 కోట్ల మార్పులనూ తూచి, 89 శాతానికి తీర్పు చెప్పింది. మహా విద్వత్తు, కాదనను. నాకు మాత్రం తేల్చలేనని వదిలిన ఆ 11 శాతం మీదే మమకారం. తెలియని రాగం ముందు ఆగిన గాయకుడిలా ముచ్చటేస్తుంది.

ఈ చెవికి అందని అపస్వరమూ ఉంది. మన ఏజెన్సీ గూడేలను ఏడిపిస్తున్న సికిల్ సెల్ జబ్బు బీటా గొలుసులో 6వ చోట గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ రావడం వల్లే. ఆ చోటు ప్రోటీన్ పైతట్టున ఉంటుంది. ఎలుకలో అక్కడ అలనిన్ హాయిగా కూర్చుంది, ప్రాస ఏమీ లేదు. ఒక అణువు వెళ్లి పక్క అణువుకు అతుక్కోవడంలో ఉంది ఆ జబ్బంతా. ఒంటరి పద్యాన్ని ఎంత చదివినా అది వినపడదు.

ఈ వరసలు యూనిప్రాట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక రాత్రి మీరూ దించుకోండి. హిమోగ్లోబిన్ అయ్యాక, కండరాల్లో ఉండే దాని చుట్టం మయోగ్లోబిన్‌నూ ఆ వరసలో చేర్చి చూడండి. ఆ హిస్టిడిన్ అక్కడా ఉంది, 93వ చోట.