గుంపులోనే గోప్యత: టార్ వ్యవస్థపై విమర్శనాత్మక పరిశీలన

ఇంటర్నెట్‌లో మన ఆనవాలు దొరకకుండా చేసే ‘టార్’ గురించి రెండు అభిప్రాయాలు ప్రచారంలో ఉన్నాయి. అది నేరస్థుల చాటు అని కొందరంటారు. అది వాడితే ఎవరికీ దొరకమని మరికొందరంటారు. ఈ రెండూ పరీక్షకు నిలుస్తాయా అన్నది ఈ భాగంలో చూద్దాం.

1. టార్ చేసే పని

మీరు రఘునాథపల్లిలో కూర్చుని ఒక వెబ్‌సైట్ తెరిచారనుకోండి. సమాచారం రహస్యలిపిలో ఉంటే దారిలోని వారు దాన్ని చదవలేరు. కాని అది ఏ సైటుకు పోతున్నదో మీకు ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ తెలుసుకోగలదు. కవరు అంటించి ఉన్నా పైనున్న చిరునామా పోస్ట్‌మ్యాన్‌కు కనబడినట్టే ఇది. ఆ చిరునామా చాలా సంగతులు చెబుతుంది. ఒక యువతి ఈ రోజు హెచ్‌ఐవీ పరీక్షల సైటును, రేపు న్యాయసహాయం సైటును చూసిందని తెలిస్తే, ఆమె ఏం చదివిందో తెలియకపోయినా ఊహాగానాలకు అది చాలు.

టార్ మీ సమాచారాన్ని మూడు పొరల రహస్యలిపిలో చుట్టి, స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే మూడు కంప్యూటర్ల మీదుగా పంపుతుంది. వీటిని రిలేలు అంటారు. ఒక్కొక్క రిలే ఒక్కొక్క పొర విప్పుతుంది. మొదటి రిలేకు మీ చిరునామా తెలుసు, గమ్యం తెలియదు. చివరి రిలేకు గమ్యం తెలుసు, మీ చిరునామా తెలియదు. మధ్య రిలేకు రెండూ తెలియవు. ఉల్లిపొరలను తలపిస్తుంది కనుక ఈ పద్ధతికి ‘ఆనియన్ రౌటింగ్’ అని పేరు వచ్చింది.

జనగామ ప్రాంత విద్యార్థులకు దీన్ని పోల్చుకోవడానికి దగ్గరి చరిత్రే ఉంది. 1946–51 సాయుధ పోరాట కాలంలో అజ్ఞాతంలో ఉన్న కార్యకర్తలకు ఉత్తరాలు కొరియర్ల చేతుల మీదుగా అందేవి. చేతులు మారడం ఒక్కటే రక్షణ కాదు. పొలానికి, సంతకు పోయే జనంలో కొరియరు కలిసిపోవాలి. టార్‌ను అంచనా వేయడానికి కీలకం ఈ రెండో మాటే.

2. గుంపు సూత్రం

ఆనియన్ రౌటింగ్ 1990ల నడుమ అమెరికా నౌకాదళ పరిశోధనాలయంలో పుట్టింది. 2002లో టార్ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. సైన్యం తన రహస్య సాధనాన్ని అందరికీ ఎందుకు ఇచ్చింది? నౌకాదళం ఒక్కటే దాన్ని వాడితే, అందులో కనిపించే ప్రతి సందేశమూ నౌకాదళానిదేనని తేలిపోతుంది. దాగడానికి ఇతరులు కావాలి.

ఈ సూత్రం తిరగబడిన ఉదాహరణ 2013లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కనిపిస్తుంది. పరీక్ష తప్పించుకోవడానికి ఒక విద్యార్థి టార్ ద్వారా బాంబు బెదిరింపు ఈమెయిల్ పంపాడు. టార్ రహస్యలిపిని ఎవరూ ఛేదించలేదు. ఆ సమయానికి ముందు విశ్వవిద్యాలయ వైఫై మీద టార్ వాడినది ఎవరని చూస్తే అతడు దొరికాడు.

ఈ తర్కాన్ని మండల కేంద్రానికి అన్వయించండి. మీ నెట్ కనెక్షన్ ఇచ్చిన వారికి మీ గమ్యం తెలియదు. కాని మీరు టార్ వాడుతున్నారని సాధారణంగా తెలుస్తుంది, ఎందుకంటే రిలేల జాబితా బహిరంగమే. మహానగరంలో వందల మందిలో ఒకరుగా ఉండేవారు చిన్న ఊరిలో ఒకే ఒక్కరు కావచ్చు. రక్షణ ఎక్కువగా అవసరమైన చోటే గుంపు పలుచగా ఉంటుంది. టార్‌పై చేయదగిన బలమైన విమర్శ ఇదే.

3. ఇతర పరిమితులు

2004లో టార్ రూపకర్తలు ప్రచురించిన పత్రమే ఒక పరిమితిని ఒప్పుకున్నది. దారి రెండు చివరలనూ గమనించగలిగినవారు సమయాలను పోల్చి గుర్తుపట్టగలరు. 2007లో స్వీడన్ పరిశోధకుడొకరు చివరి రిలేలను తానే నడిపి, పలు రాయబార కార్యాలయాల ఈమెయిల్ పాస్‌వర్డులను చూడగలిగాడు. వాటిలో భారత కార్యాలయాలవీ ఉన్నాయి. చివరి పొర విప్పిన తరువాత సమాచారం బయటపడే ఉంటే టార్ కాపాడదు. ఇక టార్‌లో ఉండి సొంత పేరుతో లాగిన్ అయితే, ముసుగు వేసుకుని పేరు చెప్పుకున్నట్టే.

4. విలువ నిర్ణయం

2013లో అమెరికా పోలీసులు మూయించిన సిల్క్ రోడ్ అనే మాదకద్రవ్యాల అంగడి టార్ చాటునే నడిచింది. కాబట్టి నేరస్థుల చాటు అన్న ఆరోపణను కొట్టిపారేయలేం. అయితే గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. వినియోగదారుల వివరాలను ఐదేళ్లు భద్రపరచాలని 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ వీపీఎన్ సంస్థలను ఆదేశించింది. వీపీఎన్‌లో మీ నమ్మకం ఒకే సంస్థ చేతిలో ఉంటుంది. టార్ ఆ నమ్మకాన్ని ముగ్గురికి పంచుతుంది. దాని అసలైన విలువ అక్కడుంది.

గుంపు సూత్రాన్ని ఒప్పుకుంటే మరొకటి కూడా ఒప్పుకోవాలి. దాచుకోవలసిందేమీ లేని మామూలు పాఠకులు టార్ వాడినప్పుడే, దాచుకోక తప్పని ఫిర్యాదుదారుకు, విలేకరికి, బాధితురాలికి చాటు దొరుకుతుంది. అదే చాటు నేరస్థుడికీ దొరుకుతుంది. ఈ రెండింటినీ తూచకుండా చెప్పే ఏ తీర్పూ సమగ్రం కాదు.

ఆలోచించండి: మీ ఊరిలో ఒకే ఒక్కరు టార్ వాడుతున్నారనుకోండి. వారికి కలిగే రక్షణ ఏది, ప్రమాదం ఏది? పది వాక్యాలలో చర్చించండి.