పుల్లరి కట్టని ఆవులు

2020 జాతీయ విద్యావిధానం ఆటలతో చదువు చెప్పమన్నాక బడుల్లోకి అట్టపటాలు బాగానే వస్తున్నాయి. చాలావాటిది ఒకటే దారి. వైకుంఠపాళి తీసుకుని నిచ్చెనల పక్కన జానపద కథల బొమ్మలు అతికిస్తారు. పిల్లలు పందెం వేస్తారు, ఎక్కుతారు, జారతారు. అయ్యాక కథేమిట్రా అంటే దిక్కులు చూస్తారు. బొమ్మ లేకపోయినా ఆ ఆట అట్లాగే సాగుతుంది మరి.

కథ ఆట నియమంలోనే ఉండాలంటాను. మా నెల్లూరు సీమకు కాటమరాజు కథ ఉండనే ఉంది. కరువొచ్చి ఆలమందలతో ఇటు దిగిన గొల్లదొర, పచ్చిక మేసినందుకు కోడెదూడలు ఇస్తానని నల్లసిద్ధి రాజుతో ఒప్పుకున్నాడు. తర్వాత మాట చెడింది. పుల్లరి, అంటే ఆ మేత పన్ను, ఇవ్వనన్నాడు, యుద్ధమైంది. కొమ్ములవాళ్లు కొమ్ము ఊది పాడిన ఈ కథల్ని తంగిరాల వెంకట సుబ్బారావు సేకరించి అచ్చువేయించారు. ఆ లావుపాటి పుస్తకాలు మూడో తరగతి పిల్లల చేతిలో పెట్టలేం గదా.

అందుకని మైపాడు వైపు ఒక బడి వరండాలో సుద్దముక్కతో పులిమేక గీశాం. 23 చుక్కలు, 3 పులులు, 15 మేకలు. పులులకు గవ్వలు, వాళ్లు సిద్ధిరాజు బంట్లు. మేకలకు చింతగింజలు, అవే ఆవులు. కలిపింది ఒక్క నియమమే. ప్రతి అయిదో ఆవును దించేముందు పుల్లరి అడుగుతారు. చేతిలో గింజ ఒకటి ఇచ్చేస్తే మరుసటి ఎత్తులో పులి దూకకూడదు. ఇవ్వకపోతే దాని ఇష్టం.

ఆవుల పిల్ల గింజ ఇవ్వనంది. "వానకి మొలిచిన గడ్డికి పుల్లరేంది సార్?"

పులుల పిల్లోడు ఊరుకోలేదు. "మా అమ్మ సంతలో చేపలమ్మితే ఆశీలు కట్టడంలా?"

కథలో తగువు కూడా సరిగ్గా అదే. 1922లో పల్నాటి కన్నెగంటి హనుమంతు ప్రాణం తీసిందీ పుల్లరి తగువే.

ఈ కథలో సిద్ధిరాజు తరఫున పోరాడిన ఖడ్గతిక్కనను మాత్రం ఆటలోకి తేలేదు. యుద్ధంలో వెన్నుచూపి ఇంటికొచ్చినవాడికి భార్య చానమ్మ మంచం అడ్డుపెట్టి, పసుపుముద్ద ఉంచి, స్నానానికి నీళ్లు తోడటం, తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించడం గింజలతో చూపించేవి కావు. గొంతుతో చెప్పాల్సిందే.

పుల్లరి కట్టినవాళ్లే తరచూ గెలుస్తున్నారని, కథలో కట్టలేదు గనక నియమం మార్చమని ఒక టీచరమ్మ అంటున్నారు. నాకు ఇష్టంలేదు. కాటమరాజు కట్టి ఉంటే ఏమయ్యేదో పిల్లలకు తెలియొద్దూ! కాకపోతే పులులకు మరీ అన్యాయమవుతోందన్నది నిజమే. అయిదో ఆవుకు బదులు ఏడో ఆవుకు పెట్టి చూద్దామన్నాను.