దేవయాని శర్మిష్ఠలు: మన నవల చేపట్టని నెచ్చెలి కథ

కొంతకాలము క్రిందట మంచిర్యాలలో నొక బాలికల పాఠశాలయందు ఆంధ్రమహాభారతము పాఠము చెప్పుచుంటిని. ఆదిపర్వ తృతీయాశ్వాసమున యయాతి దేవయానిని నూతినుండి వెడలదీయు ఘట్టము. మన పండితుల కందరికి కంఠస్థమైన చంపకమాల యచ్చటనే యున్నది. పదవిభాగము, సమాసములు చెప్పి, కథాశేషమును నాలుగు మాటలలో ముగించి పుస్తకము మూయబోవుచుండగా, వెనుక వరుసనుండి యొక బాలిక లేచి, "మల్ల వాళ్లిద్దరు మాట్లాడుకున్నరా సార్?" అని యడిగినది. యయాతి దేవయానుల సంగతి యనుకొని, "పెండ్లియే చేసికొనిరి గదా" యంటిని. "వాళ్లు కాదు సార్. దేవయాని, శర్మిష్ఠ" అని యా బాలిక నన్ను సవరించినది.

నాకు వెంటనే బదులు తోచలేదు. ఆ తరగతిలో ననేకులు శ్రీరాంపురము, మందమర్రి బొగ్గుగనులలో పనిచేయువారి బిడ్డలు. తండ్రి పదవీవిరమణము చేసిన పిదప కంపెనీ క్వార్టరు విడిచి పోవలసినదే. పదేండ్లు గోడకు గోడ యానుకొని పెరిగిన యాడుపిల్లలు దానితో వేర్వేరు ఊళ్లవారగుదురు. అది చాలనిచో పెండ్లి యుండనే యున్నది. కావున నా బాలిక యడిగినది వట్టి పురాణప్రశ్న గాదు.

మనము ఈ కథను యయాతి కథ యందుము. అచ్చతెనుగు కావ్యములలో మొదటిదిగా బేరొందిన పొన్నెగంటి తెలగనార్యుని కృతియు యయాతిచరిత్రమే. మన తెలంగాణముననే, 16వ శతాబ్దమున, గోలకొండ రాజ్యమునందలి పటాన్‌చెరువు ప్రభువగు అమీన్‌ఖానునకు అది యంకితమైనది. నాయకుని పేర కథను బిలుచుట మన యాచారము. దాని కెవ్వరిని తప్పుపట్టనక్కరలేదు. కాని కథాశరీరమును జూడుడు. ఇద్దరు కన్నెలు ఒక కొలనులో జలకమాడుటతో ఇది మొదలగును. ఒకతె రాజుకూతురు, ఒకతె యా రాజుయొక్క గురువు కూతురు. గాలికి చీరలు కలగలసిపోవుట, మాటకు మాట పెరుగుట, నూతిలో ద్రోయుట, దాస్యము, పెండ్లి, బిడ్డలు, రహస్యము బయలుపడుట: కన్నెతనమునుండి తల్లితనమువరకు ఇద్దరాడువారి నడుమ సాగిన సంబంధమే దీని వెన్నెముక. యయాతి నడుమ వచ్చినవాడు. ఇంత దీర్ఘకాలము ఒక నెచ్చెలితనమును వెన్నాడిన కథ మన ప్రాచీనవాఙ్మయమున నాకు మరియొకటి కనబడలేదు.

ఇందుకు వ్యాసమూలమును ప్రక్కన బెట్టుకొని చదువవలెను. నన్నయభట్టారకుడు ప్రసన్నకథాకలితార్థయుక్తి నెరిగిన సంగ్రహకర్త. మూలమున సంభాషణ మింకను విపులము. మూలమున నీయిద్దరును ఒండొరులతో మాటలాడిన సందర్భములు ముఖ్యముగా నాలుగు.

మొదటిది కొలనియొడ్డున. నాకు శిష్యురాలవై నా చీర కట్టుకొందువా యని దేవయాని. నీ తండ్రి నా తండ్రి యెదుట వందివలె నిలిచి పొగడువాడు, యాచకుని బిడ్డవు నీవు అని శర్మిష్ఠ. ఇందలి నిష్ఠురము ఎచ్చటనుండి వచ్చినదో గమనింపుడు. ఇవి శత్రువుల మాటలు కావు. ఒకరి యింటి గుట్టు ఒకరెరిగినవారు మాత్రమే ఇట్లు మర్మము తాకునట్లు మాటలాడగలరు. శుక్రుడు లేక అసురులకు బ్రదుకు లేదు; అసురుల కొలువు లేక శుక్రునకు భోగము లేదు. పెద్దలు మర్యాదచాటున దాచుకొన్న సత్యమును ఇద్దరు పిల్లలు తడిచీరలతో నిలిచి బయటబెట్టిరి.

రెండవది దాస్యము కుదిరిన దినమున. శుక్రుడు నగరు విడిచి పోదునని బెదరింప, వృషపర్వుడు లొంగి, దేవయాని కోరినదే యిచ్చెను. వేయిమంది కన్నెలతో శర్మిష్ఠ పల్లకి దిగి వచ్చినప్పుడు దేవయాని, పొగడబడువాని కూతురవు, పొగడువాని కూతురికి దాసి వెట్లయ్యెదవని యెత్తిపొడిచెను. నా జ్ఞాతుల యార్తి తీరుటకై నేనేమైనను అయ్యెదనని శర్మిష్ఠ బదులు చెప్పెను. ఈ బదులులో కోపము లేదు, వేడికోలు లేదు. గెలిచినది దేవయాని, మాటలో నిలిచినది శర్మిష్ఠ. ఆ దినమున దేవయాని కది తెలిసియే యుండును.

తరువాత అదే వనమున దేవయాని శయనించియుండ శర్మిష్ఠ పాదము లొత్తుచుండును. వేటకు వచ్చిన యయాతి యడుగగా దేవయాని, ఈమె నాకు సఖి, దాసి, నే నెచ్చటికి పోయిన నచ్చటికి వచ్చునది యని చెప్పును. సఖి, దాసి: రెండు మాటలును ప్రక్కప్రక్కన. రాజునకు విస్మయము గలిగి, అసురరాజు కూతురగు నీ సుందరి నీకు సఖియై దాసియగుట యెట్లని యడుగును. దేవయాని, అంతయు విధివిధానము, వింతకథ లేల యని మాట దాటవేయును. చాల వ్యాఖ్యలు ఈ చోట వేగముగా దాటిపోవును. నాకు మాత్రము ఈ యుపాఖ్యానమున కంతటికి తాళపుచెవి యిచ్చటనే యున్నట్లు తోచును. దేవయాని 'దాసి' యనిన చాలును. ఆ దినమున నామెకు గావలసిన గెలుపు అంతమాత్రమే. 'సఖి' యను మాట యేల విడువలేకపోయెను? తాను పెండ్లాడిపోవునప్పుడు, తన్ను నూతిలో ద్రోసిన యామెను వెంటబెట్టుకొని పోవుట యేల? పగ తీర్చుకొనుటకే యైనచో పుట్టినింటనే పనికి విడిచిపోవచ్చును. పగయు చెలిమియు ఒకే త్రాటి రెండు కొనలై యామెను కట్టివైచినవి.

మూడవ సందర్భము మరియు చిత్రమైనది. శర్మిష్ఠకు బిడ్డ కలిగెనని విని దేవయాని వచ్చి యడుగును. వేదపారగుడగు ఋషి యొకడు వచ్చెననియు, ధర్మముగా వరము వేడితిననియు, ఆయన తేజము జూచి కులగోత్రము లడుగజాలనైతిననియు శర్మిష్ఠ చెప్పును. దేవయాని నమ్మును. అంతట నిద్దరును ఒకరితో నొకరు నవ్వుకొనిరని మూలము. ఈ నాలుగు సంభాషణములలో వా రిద్దరు కలసి నవ్వినది ఇదొక్కసారియే. ఆ నవ్వునకు పునాది యొక బొంకు. ఒకతె నమ్మినందున నవ్వినది, ఒకతె నమ్మించినందున. అయినను నవ్వు నవ్వే. దాసీత్వమును, పల్లకిని, నూతిని మరచి ఇద్దరు తల్లు లొక నిమేషము కొలనిలోని కన్నె లైనారు. (బొంకదగిన తావు లైదింటిని జెప్పు నన్నయ పద్యమును మనము బాలురచే వేరుగా వల్లింపజేయుదుము. అది యయాతి నొప్పించుటకు శర్మిష్ఠ యాడిన మాట యని యెందరు చెప్పుదుము?)

నాలుగవది, బాలురు తమ తండ్రి యెవరో చూపిన పిమ్మట. నా యధీనమున నుండి నా కప్రియ మేల చేసితివని దేవయాని. శర్మిష్ఠ భయపడలేదు. నీవు రాజును వరించినప్పుడే నేనును వరించితిని, సఖి భర్త ధర్మముచేత తనకును భర్తయే, నీవు నాకు పూజ్యురాలవు, జ్యేష్ఠురాలవు అని యామె చెప్పును. దేవయాని బదులు చెప్పలేదు. ముఖము త్రిప్పి రాజుతో, ఇక నిచ్చట నుండనని పలికి, కన్నీళ్లతో తండ్రికడకు బోయెను. పిమ్మట శాపము, ముసలితనము, పూరుని త్యాగము. ఆ బాలిక ప్రశ్నకు బదులిదియే: లేదు, మరల మాటలాడుకొనలేదు. కడపటి మాట శర్మిష్ఠది, అందలి మొదటి వాదము 'సఖి' యను పదముపై నిలిచినది.

పండితు లిచ్చట నాక్షేపింపవచ్చును. సఖీభర్త తనకును భర్త యనుట ధర్మశాస్త్రపు మెలిక. కామమునకు వేసిన ముసుగే గాని స్నేహప్రకటనము గాదని. మెలిక యగుట నిజమే. యయాతి నొప్పించునప్పు డామె యిదే వాదము నుపయోగించెను. కాని రాజుతో జెప్పినప్పు డది యుపాయము. దేవయాని మొగము జూచి చెప్పినప్పు డది లెక్కయొప్పజెప్పుట. సఖి వని నీవే చెప్పితివి, దాని ఫలము నేనును బొందితిని. దేవయాని యిచ్చిన మాటనే యామెకు మరల నప్పజెప్పినది.

మరియొకటి గమనింపవలసి యున్నది. ఈ కథ చెప్పువాడు వైశంపాయనుడు, వినువాడు జనమేజయుడు. మా పూర్వికుడగు యయాతి శుక్రుని కూతు నెట్లు పడసెనని యాతడే యడిగెను. జనమేజయుడు పూరువంశమువాడు, అనగా శర్మిష్ఠ సంతతి. కథ శర్మిష్ఠ మనుమల యింట జెప్పబడినది. దేవయాని యహంకారిగను శర్మిష్ఠ యోర్పుగలదిగను మనకు గనబడుటలో ఈ కొలువుకూటపు గాలి కొంత వీచియుండును. దేవయాని పక్షమున జెప్పువారు లేరు.

ఆ వెనుకటి కావ్యములలో సఖికి పని యొక్కటియే మిగిలినది: నాయిక విరహమును నాయకునికి జేర్చుట, చల్లని పూతలు పూయుట, చిలుకకు బదులుగా చివాట్లు తినుట. వివాహముతో నామె నిష్క్రమించును. కాళిదాసుని శాకుంతలమున అనసూయా ప్రియంవదలు చెట్లతోపాటు ఆశ్రమమందే నిలిచిపోదురు. వారికిని పెండ్లి చేయవలసియున్నది గావున వెంట బోరాదని కణ్వుడే చెప్పును. పెద్దనార్యుని మనోరమ, తన నెచ్చెలులు విభావరీ కళావతుల వ్యాధి మాన్పుమని స్వరోచిని వేడుట యుదాత్తమైన స్నేహమే. కాని కవి వారిని స్వస్థులజేసి వెంటనే స్వరోచికి భార్యల గావించెను. చెలిమి సవతిపోరుగా మారునా మారదా యను ప్రశ్నను శర్మిష్ఠ కథ యెదుర్కొన్నది; మనుచరిత్రము దాటిపోయినది.

నవల వచ్చినప్పుడైన నీ విత్తు మొలకెత్తవలసినది. కాలగతిని జూపుట నవలకు సహజధర్మము గదా. వీరేశలింగము పంతులవారి రాజశేఖరచరిత్రము 1878 నాటిది. కాని తరువాత చాలకాలమువరకు మన నవలలో స్త్రీ కూతురు, భార్య, వితంతువు, తల్లి. మరియొక స్త్రీకి చెలి యగుట ప్రాసంగికము. ఈ కొరతను కొంత దీర్చినది డాక్టరు పి. శ్రీదేవి వ్రాసిన కాలాతీతవ్యక్తులు. తెలుగు స్వతంత్రలో ధారావాహికముగా వచ్చి 1958లో గ్రంథమైనది. రచయిత్రి 1961లో చిన్నవయసుననే మరణించుట మన దురదృష్టము. విశాఖపట్టణమున నొక యింట ఇందిర, కల్యాణి. మేడమీది గదిలో వైద్యవిద్యార్థి ప్రకాశము. కల్యాణివైపు మొగ్గిన ప్రకాశమును ఇందిర తనవైపు త్రిప్పుకొనును. మేనమామను ఎదిరింపలేని యాతడు ఇందిరకును దక్కడు. శర్మిష్ఠ వలె ఇందిరయు తనకు గావలసినదానిని చేయిచాచి తీసికొనునది, క్షమాపణ వేడనిది. తండ్రి బరువు తానే మోయుచు నామె యార్జించిన కటువుదనమును రచయిత్రి నిందింపకయు పూజింపకయు చిత్రించినది. ఈ నిష్పాక్షికత మన నవలలో నరుదు. 1963లో దీని నాధారముగా జేసి చదువుకున్న అమ్మాయిలు అను చలనచిత్రము తీసిరి. తెరమీద కథ మెత్తబడినది.

అయినను కాలాతీతవ్యక్తులలో నొక లోటు గలదు. ఆ యువతులు యుక్తవయస్సు వచ్చిన పిదప మనకు బరిచితు లగుదురు. వారికి కొలను లేదు. ఇందిర కల్యాణితో జెప్పు కఠినోక్తి వెనుక, పదేండ్లనాటి చీరల తగవు లేదు. కావుననే వారి యెడబాటు మనకు న్యాయమని తోచును గాని గుండె కలచివేయదు.

ఈ లోటు లేని నవల ఇటలీదేశమున వచ్చినది. ఎలెనా ఫెరాంతే యను మారుపేరున వ్రాయు రచయిత్రి 2011 మొదలు 2014 వరకు నాలుగు సంపుటములుగా నేపుల్సు పేటలోని లీలా, ఎలెనా యను నిద్దరి కథ చెప్పినది. మన నూతికి మారుగా నచ్చట నేలమాళిగ యున్నది: లీలా చెలికత్తె బొమ్మను అందులో బడవేయును, ఆమెయు లీలా బొమ్మను బడవేయును, పిదప నిద్దరు చేయి చేయి పట్టుకొని వెదుకబోదురు. ఒకే పురుషుని ఇద్దరును వేర్వేరు కాలములందు ప్రేమింతురు. చదువు ఒకతెకు దక్కును, ఒకతెకు దక్కదు. వీటిని సామ్యములుగా నెంచుట నా యుద్దేశము గాదు. భేద మొక్కటి ముఖ్యము. అచ్చట కథ చెప్పునది ఆ యిద్దరిలో నొకతె. చెలికత్తె కనబడకుండ బోయినదని తెలిసి, యరువదియారేండ్ల వయసున, కినుకతో వ్రాయ మొదలిడును. ఆమె యసూయ ఎచ్చట నిజమును వంచినదో చదువరి తానే యనుమానింపవలెను. దేవయాని కథను మనకు జెప్పినవాడు శర్మిష్ఠ వంశమువారి కొలువులోని పౌరాణికుడు. దేవయాని తానే చెప్పినచో 'సఖి, దాసి' యను రెండు మాటల నడుమ నామె యెంతసేపు నిలిచియుండునో మనకు దెలిసెడిది. మన భాషలో నట్టి నవలకు వస్తువు వేయేండ్లనుండి సిద్ధముగా నున్నది.

మరునాడు తరగతిలో నా నాలుగు సంభాషణములను చెప్పితిని. చంపకమాలను మరల జదివించితిని. రాజు కుడిచేయి భూమిని మోయునంతటిదని యందు వర్ణన. నూతిలోనిది చెమటబిందువులతో నొప్పు నొక చేయి మాత్రమే. ఆ చేయి నూతిలో నేల నున్నదో, దానిని ద్రోసిన చేయి యెవరిదో పద్యమునకు బనిలేదు. పద్యము గొప్పదే, నేను తక్కువ చేయుట లేదు. కాని పాఠ్యభాగములు కూర్చువారు ఆ పద్యమునకు ముందు పది పద్యములును వెనుక పదియును జేర్చినచో ఆ రెండవ చేయియు బాలికలకు గనబడును.

అంతట నా బాలిక, "మరి చివరికి ఎక్కడ పోయిన్రు సార్?" అనినది. యయాతి పూరునకు బట్టము గట్టబోవునప్పుడు పౌరులు వచ్చి, శుక్రుని దౌహిత్రుడు, దేవయాని పెద్దకొడుకగు యదువును గాదని, శర్మిష్ఠ కొడుకులలో గడపటివాని కెట్లు రాజ్య మిత్తువని యడుగుదురు. ఆ సభలో నిద్దరు తల్లులును ఉన్నట్లు చెప్పబడలేదు. పౌరుల నోట మాత్రము వారి రెండు పేరులును ప్రక్కప్రక్కన వినబడినవి.