అర్జీ నుంచి జులూసు దాకా

అర్జీ, దరఖాస్తు, ఫిర్యాదు, దావా. తెలుగువాడు సర్కారు ముందు మొరపెట్టుకోవడానికి వాడే ఈ మాటలన్నీ అరబ్బీ, ఫార్సీల నుంచి వచ్చినవే. ఎవరూ వినిపించుకోనప్పుడు తీసే జులూసూ అంతే. ఈ మాటల్ని పరాయివని ఎవరూ అనరు. అనేది ఉర్దూ ఇంట పుట్టిన మమ్మల్నే.

నక్కవాగు రైతుల సంగతి చూడండి. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీలు వదిలిన నీళ్ళతో వాగు చెడింది, పొలాలు చెడ్డాయి. మొరపెట్టుకుంటే చెవిన పెట్టినవాళ్ళు లేరు. 1986లో డాక్టర్ అల్లాణి కిషన్‌రావు వెంట అసెంబ్లీ దాకా నడిచారు. 1990లో సుప్రీంకోర్టుకెక్కిన దావా హరిత ట్రిబ్యునల్లో తేలేసరికి 2017 అయింది. ఇరవై ఏడేళ్ళు! ఆ రైతులకు ఓపిక లేదని ఎవరనగలరు?

మరి 1991లో వచ్చిన ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ'నూ, 1998 నాటి 'జల్జలా'నూ చూసి ఆవేశం తప్ప కవిత్వమేదీ అని పెదవి విరిచేవాళ్ళకు ఈ లెక్క ఎందుకు తట్టదు? అవీ జులూసులే. దేశభక్తి రుజువు చూపమని అడిగేవాళ్ళే తప్ప జవాబు వినేవాళ్ళు లేక వీధికెక్కిన మాటలవి. గొంతు ఎంత పెద్దదో కొలిచే విమర్శ, ఎదుటి చెవి ఎన్నేళ్ళు మూసుకుందో కొలవదు.

అయితే ముస్లిం కవిత్వంతో మాకూ ఓ పేచీ ఉంది. 1992 డిసెంబరు 6 మోగినంతగా అందులో కార్ఖానా గేటు మోగలేదు, కాంట్రాక్టు కూలీ దగ్గు వినిపించలేదు. సంగారెడ్డి చుట్టుపక్కల బోర్లు చెడినవాళ్ళలో సాయిబులూ ఉన్నారు. వాళ్ళ ఫిర్యాదు మన పుస్తకాల్లో ఏ పేజీలో ఉంది?