తెర మీద ఎర్ర గీత

గుండె ఆపరేషన్ జరిగే గదిలో అన్నిటికన్నా అందమైనది మానిటర్ మీద రక్తపోటును చూపుతూ పరుగెత్తే ఎర్ర గీత. మణికట్టు ధమనిలో పెట్టిన సన్నని గొట్టం దాన్ని గీయిస్తుంది. నిటారుగా లేస్తుంది, వాలుతుంది, వాలుతూ మధ్యలో చిన్న నొక్కు పడుతుంది. బృహద్ధమని కవాటం మూసుకున్నాక పడే నొక్కు అది. ఎంతసేపు చూసినా నా చూపు అక్కడే ఆగుతుంది.

రొమ్ము ఎముక మీద రంపం పడగానే బీపీ జివ్వున లేస్తుంది. మనిషికి తెలియకపోయినా ఒంటికి తెలుస్తుంది. మత్తు డాక్టరు ఐసోఫ్లూరేన్ వేపరైజర్ ఊదారంగు డయల్‌ను కాస్త తిప్పుతారు. ఆ మత్తు ఆవిరి ఊపిరితిత్తుల్లోంచి నెత్తుట్లోకి చేరుతుంది, బిగుసుకున్న నాళాలు సడలుతాయి. తారస్థాయి నుంచి శ్రుతి చెదరకుండా దిగే గాయకుడిలా గీత ఒక్కో మెట్టే దిగుతుంది. మరీ దిగితే గుండె కండరానికే నెత్తురు చాలదు. బృహద్ధమనిలో గొట్టం వేసే ముందు సర్జన్ "బీపీ తగ్గించండి" అంటారు. గోడ చీలకూడదంటే పై అంకె 100 చుట్టుపక్కలకు రావాలి. హార్ట్-లంగ్ మెషిన్ మొదలయ్యాక ఆవిరి ఆక్సిజనేటర్ గుండా వస్తుంది. అలలు పోయి గీత చదునవుతుంది. ఆ చదును గీతను 60, 70 దగ్గర నిలపడం నాకు మరీ గొప్పగా తోస్తుంది.

ఇలాంటి గీతలకు మన హైదరాబాద్ పాత చిరునామా. 1889లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బుతో లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చారు. ఇక్కడి వైద్య పాఠశాల పెద్ద ఎడ్వర్డ్ లారీ, ఆయన కలిసి కుక్కలకు, కోతులకు అప్పటి మత్తుమందు క్లోరోఫాం పీల్పించి, రక్తపోటును తిరిగే డ్రమ్ము మీద గీయించారు. ఆ మూగజీవాల ప్రాణాలతో గీసిన గీతలవి. మత్తు ఎక్కేకొద్దీ గీత కిందికి జారింది. మత్తు ఎక్కువైతే ముందు ఆగేది ఊపిరే, నాడి చూడక్కర్లేదని లారీ పట్టుబట్టారు. తేలికపాటి క్లోరోఫాంలోనూ గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో పరిశోధకుడు గుడ్‌మన్ లీవీ చూపించారు. లారీ తీర్పు వీగిపోయింది. మత్తు ఆవిరి రక్తపోటును దించుతుందన్న సంగతి మాత్రం నిలిచింది.

క్లోరోఫాం నెత్తుట్లో బాగా కరుగుతుంది, ఎక్కితే త్వరగా దిగదు. ఐసోఫ్లూరేన్ కరిగే పాళ్లు దానికన్నా చాలా తక్కువ, 1.4; మరో మత్తు ఆవిరి సెవోఫ్లూరేన్‌కు 0.65 మాత్రమే. అందుకే ఈనాటి డాక్టరు తన పొరపాటు అంచనాను కూడా కొద్ది నిమిషాల్లోనే సరిదిద్దుకోగలరు.