పాడని తీగకు దండం

అండమాన్‌లోని జంగ్లీఘాట్‌లో పడవలు ఒడ్డుకు చేరాయి. వలల మీద ఉప్పు ఇంకా ఆరలేదు. ఒక పెద్దాయన చొక్కా జేబులోంచి చిక్కుపడ్డ ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. "వాయిద్యాలొస్తన్నాయి గానీ బాబూ, గొంతు నేదు." శ్రీకాకుళం మాట. ఇత్తడిని తినేసే ఈ దీవుల గాలి ఆ 'నేదు'ను మాత్రం తినలేకపోయింది.

గొంతు లేదనగానే తెలిసింది, తెగింది నువ్వేనని, గ్రౌండ్ తీగా.

మూడున్నర మిల్లీమీటర్ల పిన్ను. కొన ఎడమ చెవిది. నల్లగీత దాటాక ఉండే ఉంగరం కుడి చెవిది. వెనక మొదలుదాకా ఉన్న తొడుగు నీది. 1878 ప్రాంతంలో టెలిఫోన్ ఎక్స్చేంజీ ఆపరేటర్లు బోర్డుల్లో గుచ్చిన పావు అంగుళం ప్లగ్గు దీనికి తాత. ఊరినీ ఊరినీ కలిపిన తాతకు, చెవినీ పాటనూ కలిపే మనవడు!

రబ్బరు చీల్చాను. ఎర్రది కుడికి, పచ్చదో నీలమో ఎడమకు, రాగిరంగులో మెరిసేది నువ్వు. రంగులు కంపెనీల ఇష్టం కాబట్టి మీటరు పెట్టందే నేను నమ్మను. వెంట్రుక కన్నా సన్నని పోగులు, వాటికి కంటికి ఆనని పూత, లాగుడుకు తట్టుకోవడానికి నడుమ నైలాను దారం. పిన్ను మెడ దగ్గర వంగీ వంగీ పూత చిట్లింది. చెమట దూరింది, ఉప్పు దూరింది. మిగతా ఇద్దరూ నిగనిగలాడుతుంటే నువ్వొక్కదానివే చిలుము పట్టి ఉన్నావు.

దండం నీకు. నువ్వు ఏ పాటనూ మోసుకెళ్ళవు. ఎడమకు వెళ్ళినదాన్నీ కుడికి వెళ్ళినదాన్నీ ఇంటికి తిప్పి తీసుకొస్తావు. నువ్వు తెగితే రెండు స్పీకర్లూ ఒకే తాడుకు కట్టేసినట్టు అయిపోయి, రెండు వైపులకూ ఉన్న తేడా మాత్రమే వినిపిస్తుంది. పాడేవాణ్ణి రికార్డింగులో నట్టనడుమ నిలబెడతారు. అంటే రెండు చెవులకూ సరిసమానంగా పంచుతారు. సమానమైనది సమానంతో కొట్టుకుపోతుంది. పక్కలకు జరిపిన వయొలిన్లు, తాళాలు బతికిపోతాయి. ఘంటసాల కాలంనాటి మోనో పాటైతే తేడా అన్నదే ఉండదు. అంతా నిశ్శబ్దం.

మైకున్న పిన్నుకు నాలుగు మెట్లు. మొదటి రెండూ మారవు. చివరి రెండింట్లో నువ్వెక్కడ, మైకెక్కడ అన్నదాని మీద కంపెనీలు చాలాకాలం రెండు జట్లుగా ఉన్నాయి. జట్టు కలవని ఫోనులో గుచ్చితే పాట నూతిలోంచి వచ్చినట్టుంటుంది. మైకు బొత్తాం నొక్కి పట్టుకుంటే బాగుపడుతుంది. ఆ నొక్కు మైకును నీతో కలుపుతుంది మరి.

ఇంత చిన్న పిన్నులో ఉన్న నువ్వే ఈ దీవుల కింద కూడా ఉన్నావు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అక్కణ్ణుంచి హావ్‌లాక్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ వంటి చోట్లకు సముద్రగర్భ కేబుల్ మొదలైంది. మొత్తం సుమారు 2,300 కిలోమీటర్లు. అంతకుముందు ఇక్కడి మాట 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాన్ని తాకి దిగేది. "అమ్మా" అన్నాక "ఊఁ" వినపడేలోగా ఒక గుటక పడేది.

ఇప్పుడు ఆ పిలుపు గాజుపోగులో వెలుగై వెళ్తుంది. అంత దూరం వెలుగుకూ అలుపే. దారిలో దాన్ని ఊదే పెట్టెలకు కరెంటు కావాలి. కేబుల్లోని రాగి దాన్ని తీసుకెళ్తుంది. తిరిగి తెచ్చే తీగ మాత్రం లోపలెక్కడా కనిపించదు. ఒడ్డున లోహాన్ని పాతి ఆ పని బంగాళాఖాతానికే అప్పగిస్తారు. నిన్ను తుప్పు పట్టించిన ఉప్పునీరే అక్కడ నువ్వు.

కొత్త పిన్ను తెచ్చాను. చిలుము పట్టినంత మేర కత్తిరించి, పూత కాల్చాను. గుగ్గిలం పొగ లేచింది, ముత్యమంత టంకం తొడుగు మీద కూర్చుంది. ముందు నిన్నే అతికాను, తర్వాతే వాళ్ళిద్దరినీ.

పెద్దాయన చెవుల్లో పెట్టుకున్నాడు. కాసేపు పడవల కేసి చూస్తూ ఉండిపోయాడు.

"ఒచ్చీసినాడు" అన్నాడు.