మెదడు చిత్రణలో ‘భేద’ నిరూపణ: మిశ్రమ ప్రయోగాల కాంట్రాస్ట్‌లపై ఒక విమర్శ

1. ఉపోద్ఘాతం

అక్షరజ్ఞానం మెదడును మారుస్తుందా అన్న ప్రశ్న భాషాశాస్త్రానికీ, విద్యారంగానికీ, పఠన అధ్యయనానికీ సమానంగా చెందినది. స్తానిస్లాస్ దెహాన్ బృందం 2010లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన పరిశోధన ఈ విషయంలో ప్రసిద్ధం. బ్రెజిల్, పోర్చుగల్‌లకు చెందిన 63 మంది వయోజనులు అందులో పాల్గొన్నారు. వారిలో 10 మంది నిరక్షరాస్యులు, 22 మంది పెద్దయ్యాక చదువు నేర్చినవారు, 31 మంది బాల్యంలోనే నేర్చినవారు. లిఖిత పదాలు, ముఖాలు, ఇళ్లు, పనిముట్లు మొదలైనవాటికి వారి మెదడు స్పందనలను ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ ద్వారా కొలిచారు. అక్షరాస్యత వ్యక్తుల మధ్య మారే కారకం. చూసే దృశ్యం ఒకే వ్యక్తిలో మారే కారకం. ఈ రెండింటి కలయికనే మిశ్రమ ఫాక్టోరియల్ రూపకల్పన అంటారు. ఇలాంటి ప్రయోగాల ఫలితాలను చదివేటప్పుడు తరచుగా జరిగే ఒక తర్కదోషాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. కాంట్రాస్ట్: ప్రశ్నకు గణితరూపం

సౌలభ్యం కోసం రెండు సమూహాలను, రెండు దృశ్యాలను మాత్రమే తీసుకుంటే నాలుగు సగటులు ఏర్పడతాయి: అక్షరాస్యులు–పదం, అక్షరాస్యులు–ముఖం, నిరక్షరాస్యులు–పదం, నిరక్షరాస్యులు–ముఖం. ఇదే వరుసలో 1, −1, 0, 0 అనే భారాలు అక్షరాస్యుల గురించి మాత్రమే ప్రశ్నిస్తాయి. 1, 1, −1, −1 భారాలు దృశ్యంతో నిమిత్తం లేకుండా సమూహాల మధ్య తేడాను అడుగుతాయి. ‘పదానికీ ముఖానికీ మధ్య తేడా రెండు సమూహాల్లో వేరుగా ఉందా?’ అన్న ప్రశ్నకు తగినవి 1, −1, −1, 1 మాత్రమే. ఇదే పరస్పర ప్రభావం.

3. రెండు పటాలు, ఒక అపోహ

ఒక సమూహపు పటంలో రంగు కనిపించి, రెండవదానిలో కనిపించకపోతే సమూహాలు భిన్నమని తేల్చడం సులభం. కానీ అది నిరూపణ కాదు. ఊహాసంఖ్యలతో చూస్తే, 31 మందిలో తేడా 25, ప్రామాణిక దోషం 10 అనుకోవచ్చు. 10 మందిలో తేడా 20, దోషం 18. మొదటిది సార్థకం, రెండవది కాదు. అయితే రెండింటి మధ్య అంతరం 5 మాత్రమే; దాని దోషం దాదాపు 21. ఇక్కడ సమూహాల భేదానికి ఆధారమే లేదు. చిన్న సమూహపు పటం ఖాళీగా ఉండడానికి ప్రధాన కారణం సభ్యుల సంఖ్య తక్కువ కావడం.

ఈ పొరపాటు అరుదైనది కాదు. న్యూవెన్‌హౌస్, ఫోర్స్ట్‌మన్, వాగెన్‌మేకర్స్ 2011లో ‘నేచర్ న్యూరోసైన్స్’లో ప్రకటించిన పరిశీలన అయిదు ప్రముఖ పత్రికల్లోని 513 నాడీశాస్త్ర వ్యాసాలను పరీక్షించింది. ఈ దోషానికి అవకాశమున్న 157 వ్యాసాల్లో 78 సరైన పద్ధతిని, 79 తప్పు పద్ధతిని అనుసరించాయి.

4. దోషపదం ఎంపిక

భారాలు సరిపోయినంత మాత్రాన పరీక్ష సరికాదు. ఒకే వ్యక్తి స్పందనలను పోల్చినప్పుడు ఆ వ్యక్తికి సహజమైన స్థాయి తీసివేతలో రద్దవుతుంది. సమూహాలను పోల్చినప్పుడు అది రద్దు కాదు. అన్ని కొలతలనూ ఒకే నమూనాలో చేర్చి, వ్యక్తిలోపలి శేషదోషంతోనే సమూహ ప్రభావాన్ని తూచితే దోషం తక్కువగా లెక్కకు వచ్చి, లేని సార్థకత కనిపించవచ్చు. 2×2 రూపకల్పనలో దీనికి సరళమైన మార్గం ఉంది. ప్రతి వ్యక్తికీ ‘పదం − ముఖం’ విలువను లెక్కించి, రెండు సమూహాల విలువలను టి-పరీక్షతో పోలిస్తే పరస్పర ప్రభావం తెలుస్తుంది. ప్రతి వ్యక్తి రెండు స్పందనల సగటును అలాగే పోలిస్తే సమూహ ప్రభావం తెలుస్తుంది.

5. ముగింపు

ఇది కేవలం గణాంక నిపుణుల వివాదం కాదు. ‘నిరక్షరాస్యుల మెదడు ఇలా స్పందించదు’ అన్న వాక్యం పాఠ్యగ్రంథాల్లోకి, విద్యావిధానాల్లోకి ప్రవేశిస్తే, బడికి దూరమైన మనుషులపై అది ఒక తీర్పుగా నిలుస్తుంది. కనుక ఇటువంటి పరిశోధనను ఉదహరించే భాషా, సాహిత్య పరిశోధకులు రంగుల పటాల వద్ద ఆగకుండా, భేదాన్ని నేరుగా పరీక్షించారా, ఏ దోషంతో తూచారు అన్న రెండు విషయాలను మూలవ్యాసంలో వెదకాలి. ఆ రెండూ కనిపించనప్పుడు ‘భేదం ఉంది’ అన్నది నిరూపితమైన ఫలితం కాదు, పరికల్పన మాత్రమే.